స్కాన్ నార్మల్ అంటే స్ట్రోక్ లేనట్టేనా?

అపోహ: తల స్కాన్ బాగుంది, కాబట్టి ఇది పక్షవాతం కాదు.

గజపతినగరం చుట్టుపక్కల మెంటాడ, దత్తిరాజేరు, బొండపల్లి ఊళ్లలో ఎవరికైనా చెయ్యీ కాలూ పడిపోతే విజయనగరం తీసుకెళ్లి స్కాన్ తీయిస్తారు. ‘నార్మల్’ అనగానే ఊపిరి పీల్చుకుని, నరాల బలహీనతే అనుకుని మనిషిని ఇంటికి తెచ్చేసుకునేవాళ్లున్నారు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

అత్యవసరంగా తీసే మామూలు సీటీ స్కాన్ ముఖ్యంగా చూసేది మెదడులో రక్తనాళం చిట్లిందా అని. చిట్లితే అది తెల్లగా వెంటనే కనబడుతుంది. గడ్డ అడ్డుపడి నాళం మూసుకుపోతే మాత్రం మొదటి కొన్ని గంటలు ఆ ఫిల్ములో ఏ తేడా కనిపించకపోవచ్చు. అప్పుడు నార్మల్ అంటే రక్తస్రావం లేదని, గడ్డ కరిగించే ఇంజెక్షన్ సంగతి ఆలోచించవచ్చని. ఇంటికి వెళ్లిపొమ్మని కాదు.

అపోహ: నాలుగున్నర గంటలు దాటితే ఇక చేసేదేమీ లేదు.

ఈ ఇంజెక్షన్ 3 గంటల్లోపు ఇస్తే మేలని 1995లో తేలింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. అయితే అందరి మెదడూ ఒకే వేగంతో దెబ్బతినదు. ఆ తేడా పట్టిచ్చేది సీటీ పెర్ఫ్యూజన్. చేతి నరంలోకి అయోడిన్ ఉన్న మందు ఎక్కించి, అది మెదడులో ఏ భాగానికి ఎంత చేరుతోంది, ఎంత ఆలస్యంగా చేరుతోంది అన్నది వరసగా చిత్రాలు తీసి చూస్తారు. కంప్యూటర్ దాన్ని రంగుల పటంగా గీస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న మెదడుకు ప్రతి 100 గ్రాములకూ నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20 కిందికి జారితే ఆ భాగం పని ఆపేస్తుంది, కానీ చావదు. 10 దాకా పడిపోతే నిమిషాల్లోనే చచ్చిపోతుంది. పని ఆగినా ప్రాణం ఉన్న భాగాన్ని పెనంబ్రా అంటారు. నీరందక వాడిన వరిమడి లాంటిది అది, సమయానికి తూము తెరిస్తే కోలుకుంటుంది.

పెద్ద నాళం మూసుకుపోయినా కాపాడదగ్గ భాగం మిగిలి ఉందని ఇలాంటి స్కాన్‌లో తేలిన రోగులకు సన్నని గొట్టంతో గడ్డను లాగేస్తే మేలు జరుగుతుందని 2018లో వెలువడిన రెండు అధ్యయనాలు రుజువు చేశాయి. డిఫ్యూజ్-3లో 16 గంటల వరకు, డాన్‌లో 24 గంటల వరకు ఆ ఫలితం కనిపించింది. రాత్రి బాగానే పడుకుని తెల్లారేసరికి నోరు వంకరపోయి లేచినవాళ్లకు ఇది కొత్త ఆశ. అలాగని 24 గంటలు ఉన్నాయి కదా అని తీరిగ్గా బయల్దేరకూడదు. ఆ అవకాశం అందరికీ మిగలదు.

అపోహ: పెర్ఫ్యూజన్ స్కాన్ లేనిదే వైద్యం మొదలవదు, అందుకే నేరుగా విశాఖే వెళ్లాలి.

ఇది చాలా నష్టం చేసే మాట. నాలుగున్నర గంటల్లోపు వస్తే మామూలు సీటీ చూసే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. సీటీ, ఇంజెక్షన్ రెండూ ఉన్న దగ్గరి ఆస్పత్రికే ముందు చేరాలి. గడ్డ తీయాల్సి వస్తే పెద్ద ఆస్పత్రికి వాళ్లే పంపుతారు. ఇక పావురం రక్తం రాయడం, పసరు పట్టించడం గురించి చెప్పేదేముంది! మూసుకున్న నాళాన్ని అవి తెరవలేవు.

కిడ్నీ జబ్బు, మందుల అలర్జీ ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. రోగి బాగా ఉండగా ఆఖరిసారి చూసిన సమయం కాగితం మీద రాసుకోండి. వాడుతున్న మందుల చీటీలు, ముఖ్యంగా రక్తం పలుచబరిచేవి ఉంటే అవీ పట్టుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి.