కారు దాటిపోయేలోపే కంటపడాలి!

అమెరికాలో మనవాళ్లు పెట్టే టిఫిన్ సెంటర్లు, కిరాణా దుకాణాల్లో చాలావరకు ఉద్యోగం చేసి కూడబెట్టిన సొమ్ముతో మొదలైనవే. వంటవాళ్ల కోసం, వంటగది సామాను కోసం నెలల తరబడి తిరుగుతారు. బోర్డు సంగతి మాత్రం ప్రారంభోత్సవానికి రెండు వారాల ముందు గుర్తొస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో కబురు తెలిసినవాళ్లతో మొదటి నెల కళకళలాడుతుంది. ఆ తర్వాత అద్దె గిట్టుబాటు కావాలంటే రోజూ ఆ రోడ్డున పోయే ఇతరులూ లోపలికి రావాలి. వాళ్లను పిలిచేది బోర్డే.

రెండు సెకన్ల లెక్క

న్యూజెర్సీలో ఎడిసన్, ఐసెలిన్‌ల మీదుగా సాగే ఓక్‌ట్రీ రోడ్డులో జనం దుకాణాలు చూసుకుంటూ నడుస్తారు. డాలస్ శివార్లలో కథ వేరు. దుకాణం స్ట్రిప్ మాల్‌లో ఉంటుంది, దాని ముందు పార్కింగ్, ఆ అవతల పెద్ద రోడ్డు. గంటకు 40 మైళ్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 59 అడుగులు దాటుతుంది. బోర్డులు చేసేవాళ్లు వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: అక్షరం ఎత్తు అంగుళం ఉంటే పది అడుగుల నుంచి హాయిగా చదవొచ్చు. ఆ లెక్కన 12 అంగుళాల అక్షరం 120 అడుగులకు సరిపోతుంది. అంటే కారులోని మనిషికి దక్కేది రెండే సెకన్లు. 18 అంగుళాలైతే మూడు. అంతలో బుర్రకెక్కేది మూడు నాలుగు మాటలు. ఫోన్ నంబరు, బిర్యానీ ఫొటో, క్యాటరింగ్ వివరాలు అద్దాల తలుపు మీద పెట్టుకోవచ్చు.

పేరుతోపాటు పని కూడా

సొంతూరి పేరో, అమ్మమ్మ పేరో పెట్టుకోవడం మన ముచ్చట. కానీ తెలుగు రానివాళ్లకు ఆ పేరు చూస్తే అది హోటలో, నగల కొట్టో, డాన్స్ స్కూలో తెలియదు. పక్కనే ‘ఇండియన్ కిచెన్’ అనో, ‘గ్రోసరీస్’ అనో ఇంగ్లిష్‌లో పెద్దగా రాయించండి. తెలుగులోనూ పేరు ఉండాలనుకుంటే చోటు చూసుకోండి. పైన గుడి, కింద వత్తు పట్టాలంటే అసలు అక్షరం చిన్నదైపోతుంది. లైట్ల అక్షరాల్లో చిన్న వత్తులు అలుక్కుపోయి కనిపిస్తాయి.

సంతకానికి ముందే

చాలా మాల్స్‌లో అక్షరాల ఎత్తు, రంగు, బోర్డు వెడల్పు యజమాని నిబంధనల ప్రకారమే ఉండాలి. దానిపైన సిటీ పర్మిట్. కాబట్టి లీజు మీద సంతకం పెట్టకముందే ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. మన గోడ మీద ఎంత బోర్డుకు అనుమతి ఉంది? రోడ్డు పక్కనుండే ఉమ్మడి బోర్డులో మనకు చోటిస్తారా, దానికి అద్దె ఎంత? ఖాళీ చేసేటప్పుడు బోర్డు తీసి, గోడ బాగు చేయించే ఖర్చు ఎవరిది? పార్కింగ్‌లోని చెట్లు బోర్డుకు అడ్డమొస్తాయేమో కూడా వెళ్లి చూసుకోండి.

నవంబరులో గడియారం గంట వెనక్కి తిప్పాక డిన్నర్ వేళకే చీకటి పడుతుంది. పేరులో ఒక్క అక్షరం వెలగకపోయినా దుకాణం మూసేశారనుకుని వెళ్లిపోయేవాళ్లుంటారు. లైట్లకు టైమర్ పెట్టించండి, రిపేరు ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో ఉన్న పేరు, బోర్డు మీది పేరు ఒకటే ఉండాలి.

సాఫ్ట్‌వేర్‌లో మనం టెస్ట్ చేయకుండా ఏదీ విడుదల చేయం. బోర్డుకూ అదే పద్ధతి. రోడ్డు అవతల నుంచి దుకాణం ఫొటో తీసి, డిజైన్‌ను అసలు సైజు నిష్పత్తిలో దాని మీద అతికించండి. తెలుగు రాని సహోద్యోగికి రెండు సెకన్లు చూపించి, అక్కడేం అమ్ముతారో అడగండి. ఆయన తడుముకుంటే డిజైన్ మార్చండి. గోడకెక్కాక మార్చాలంటే మళ్లీ పర్మిట్, మళ్లీ డబ్బు.