ఆటవస్తువులు: వెలయు విలువయు

మన దేశమున ధనము లేమి ఆటకు పెద్దగా నడ్డుపడియుండలేదు. పాత దేవాలయముల మండపములలో రాతిపలకలమీద గీచిన పులిజూదపు గీతలు నేటికిని అక్కడక్కడ కానవచ్చుచున్నవి. నాలుగు గులకరాళ్లు దొరకినచో పులులును మేకలును సిద్ధమే. వామనగుంటలకు చింతగింజలు చాలును. అష్టాచెమ్మకు గవ్వలు లేకున్నచో చింతగింజలను రెండుగా బద్దలు చేసి ఆడుకొందురు. ఇట్టి సామగ్రితోనే మన తాతముత్తాతలు వేసవి మధ్యాహ్నములను సుఖముగా గడపిరి.

అయినను ఆటసామగ్రిని విలాసవస్తువుగా చేయుటయు క్రొత్త సంగతి కాదు. రాజులును జమీందారులును దంతపు పావులతో ఆడిరి. నేడు ఆ ముచ్చట సామాన్యగృహస్థుని ముంగిటికి వచ్చినది. కొన్ని వందల రూపాయలకు దొరకు చదరంగపు పావులే, కఱ్ఱ మారి, చెక్కడము మారి, వేలకును లక్షలకును అమ్ముడుపోవుచున్నవి. లోహముతో పోతపోసిన పాచికలు, రత్నశిలలను కోసి చేసిన పాచికలు, వాని నుంచుటకు తోలుపెట్టెలు, వాని నురులించుటకు మెత్తని తట్టలు అంగళ్లలో నిండియున్నవి. వీనికి అంత వెల తగునా? చదరంగమును ముఖ్యమైన ఉదాహరణముగా గైకొని యీ ప్రశ్నను విచారింప దలచితిని. ఏలయన ఈ ఆట సామగ్రి చరిత్ర మనకు చక్కగా తెలియును. మఱియు నందులో మన తెలుగు పనివారి చేయియు నున్నది.

ఒక వస్తువుయొక్క వెలలో నాలుగు భాగములు కలిసియుండునని నా యభిప్రాయము. మొదటిది ఆటకు తగిన కొలతయు రూపమును, రెండవది పనితనము, మూడవది పదార్థము, నాలుగవది అరుదుదనము. కొనువాడు ఈ నాలుగింటిలో దేనికెంత యిచ్చుచున్నాడో విడదీసి చూచుకొన్నచో సగము మోసము తప్పును.

మొదట కొలతను గూర్చి చెప్పెదను. 19వ శతాబ్దపు పూర్వార్ధమున ఇంగ్లండులోను తక్కిన యూరపు దేశములలోను చదరంగపు పావులకు ఒక నియతరూపము లేదు. పలురకముల పావులు వాడుకలో నుండెను. కొన్నింటిలో శకటునకును మంత్రికిని భేదము తెలియుట కష్టము. కొన్ని సన్నగా పొడవుగా నుండి చేయి తగిలినంతనే పడిపోయెడివి. ఒక యూరి ఆటగాడు వేఱొక యూరికి పోయినచో, ఆటకు ముందు పావులను పోల్చుకొనుటయే పనియై యుండెడిది. 1849లో నెథానియల్ కుక్ అనునాయన ఒక నమూనాను రిజిస్టరు చేయించెను. లండనులోని జాక్వెస్ అను సంస్థవారు ఆ ప్రకారము పావులు చేసి అమ్మిరి. ఆ కాలపు ప్రసిద్ధ ఆటగాడైన హోవర్డు స్టాంటన్ తన పేరు దానికిచ్చెను. అందుచేత నేటికిని వానిని స్టాంటన్ పావులనియే పిలుచుచున్నారు.

ఆ నమూనా గెలుచుటకు కారణము అలంకారము కాదు, ఉపయోగము. రాజునకు శిలువ, మంత్రికి కిరీటము, ఏనుగునకు కోటబురుజు, గుఱ్ఱమునకు గుఱ్ఱపుతల. చూచిన తోడనే ప్రతి పావును గుర్తింపవచ్చును. పీఠము వెడల్పు, బరువంతయు అడుగున నుండును. అంతర్జాతీయ చదరంగ సమాఖ్యవారు నేడు నిర్ణయించిన కొలతలును ఈ మార్గముననే యున్నవి: రాజు ఎత్తు సుమారు 9.5 సెంటీమీటర్లు, మంత్రి 8.5, బంటు 5. పీఠపు వెడల్పు ఎత్తులో నూటికి 40 మొదలు 50 పాళ్లు. పలకమీది గడి 5 మొదలు 6 సెంటీమీటర్లు. ఈ కొలతలకు సరిపోవు పావులు అల్పమైన వెలకే దొరకును. ప్లాస్టిక్కుతో చేసినవైనను అడుగున బరువు నింపినవైనచో ఆటకు లోపములేదు. మన కోనేరు హంపి 2019లోను 2024లోను ప్రపంచ ర్యాపిడ్ చదరంగపు బిరుదును గెలుచుకొన్నది. ఆ విజయమునకు మూలము ఆమె బుద్ధిబలము గాని పావులకు వాడిన కఱ్ఱ కాదు. కాబట్టి ఆటకు మాత్రమే కొనువారు మొదటి భాగముతో నిలిచిపోవచ్చును.

రెండవది పనితనము. చదరంగపు పావులలో గుఱ్ఱము తప్ప తక్కినవన్నియు ముఖ్యముగా తరిమెనమీద తిరిగి రూపొందును. మన యేటికొప్పాక లక్కబొమ్మలును తరిమెనమీదనే తయారగునని శ్రోత లెఱుగుదురు. కాని గుఱ్ఱపుతలను తరిమెన చెక్కలేదు; దానిని ఉలిపట్టిన చేయి చెక్కవలెను. జూలు, చెవులు, ముక్కుపుటములు, పండ్లు, కనుగ్రుడ్లు, ఇవియన్నియు నాలుగు గుఱ్ఱములలోను ఒక్కతీరుగ రావలెను. అందుచేతనే మంచి బలగము వెలను ఆ నాలుగు గుఱ్ఱములే నిర్ణయించునని చెప్పుట వాడుక. నేడు ప్రపంచమున అమ్ముడుపోవు మేలైన కఱ్ఱపావులలో ననేకములు మన పంజాబులోని అమృతసర పనివారు చెక్కినవే.

ఈ భాగమునకు ధనమిచ్చుట తప్పని నేననను. మంచి పనిని గుర్తించుటకు కొన్ని సులభమైన పరీక్షలు గలవు. నాలుగు గుఱ్ఱములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఒకటి మేకవలెను, ఒకటి గాడిదవలెను ఉన్నచో ఆ వెల తగదు. రాజును కొంచెము వంచి విడువుడు. తనంత తానే నిలువబడవలెను. పావును చెవియొద్ద నుంచి ఊపుడు; లోపలి బరువు కదలి చప్పుడు కారాదు. అడుగున నంటించిన ఉన్నిగుడ్డ ముడుతలు లేక సమముగా నుండవలెను. ఇంకొక ప్రశ్నయు నడుగుడు: ఈ వస్తువును చేసినవాడెవ్వడు, ఏ యూరివాడు? దీనికి జవాబు చెప్పగల వర్తకుని యొద్ద కొన్నచో మన ధనములో కొంతయైనను ఉలిపట్టినవానికి చేరునను ఆశ యుండును. చిత్రముల పుస్తకము చూపి పేరు దాచు వర్తకుని యొద్ద ఆ యాశకు తావులేదు.

మూడవదియగు పదార్థమునందే మోసమును, మోసముకంటె పెద్దదగు పాపమును దాగియున్నవి. ఖరీదైన నల్లపావులను నల్లచేవ కఱ్ఱతో చేయుదురు. ఆ కఱ్ఱ బరువు, నునుపు మెచ్చదగినవే. కాని గాలిలో తేమ తగ్గినచో పగుళ్లిచ్చు స్వభావము దానికి గలదు. అగ్గువగా చేయునప్పుడు తెల్లని పెట్టెకఱ్ఱకే నల్లరంగు వేయుదురు. రంగు వేసితిమని చెప్పి యమ్మినచో దోషములేదు. చెప్పక చేవకఱ్ఱ వెల పుచ్చుకొన్నచో అది దొంగతనము. అట్లే ఎఱ్ఱపావులను కొందఱు రక్తచందనపువని ప్రకటించుదురు. వానిలో చాల భాగము ఆఫ్రికాలో పెరుగు పడాక్ అను కఱ్ఱ. అది రక్తచందనమునకు జ్ఞాతియే గాని రక్తచందనము కాదు.

నిజమైన రక్తచందనమైనచో మఱింత ఆలోచింపవలెను. ఆ చెట్టు సహజముగా పెరుగునది మన శేషాచలము, వెలిగొండ, పాలకొండ, లంకమల ప్రాంతపు కొండలలోనే. 1995 నుండి అది అంతర్జాతీయ రక్షణకు లోబడిన జాతుల పట్టికలో చేరియున్నది. అయినను దొంగచాటుగా నరకి తరలించుట ఆగలేదు. ఆ యడవులలో ప్రాణములును పోయినవి. ముప్పదిరెండు పావుల కొఱకు ఆ పాపమునందు పాలు పంచుకొనుట యేటి వినోదము?

దంతపు సంగతి యింకను బాధాకరము. 18వ శతాబ్దము మొదలు విశాఖపట్టణపు పనివారు కుంపిణీ దొరల కొఱకు అపురూపమైన వస్తువులను చేసిరి. చందనపు కఱ్ఱపెట్టెలకు దంతపు రేకులను, కొమ్మును తాపి, ఆ దంతముమీద సన్నని లతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపెడివారు. వానిలో ఆటపలకలును గలవు. మూసిన పెట్టె వెలుపలి భాగమున చదరంగపు గళ్లుండును. తెఱచి పఱచినచో లోపల పాచికలతో నాడు వేఱొక యాటకు పలక యగును. ఇట్టివి నేడును విదేశములలో వేలమునకు వచ్చుచుండును. వానిని చూచినపుడు మన పనివారి నేర్పునకు గర్వము కలుగుట సహజము. కాని ఆ దంతము ఎక్కడనుండి వచ్చెను? మన భాషలో మూలగడిలో నిలుచు పావునకు ఏనుగని పేరు. ఆ చిన్న యేనుగును చెక్కుటకు అడవిలోని పెద్ద యేనుగు చావవలసివచ్చెను.

ఇది గ్రహించియే మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టమును 1986లో సవరించి భారతదేశపు దంతముతో వ్యాపారమును నిషేధించిరి. 1991లో ఆఫ్రికా దంతమునకును ఆ నిషేధమును విస్తరింపజేసిరి. బ్రిటనులో 2018లో చేసిన దంతపు చట్టము 2022లో అమలునకు వచ్చినది. కనుక మన దేశమున ఎవ్వరైనను దంతపు పావులను అమ్మజూపినచో, వెల తగునా తగదా యను విచారమే యక్కఱలేదు. దానిని కొనగూడదు. విశాఖపట్టణపు పనితనమును చూడగోరువారు ప్రదర్శనశాలలలో చూచి యానందింపవచ్చును.

ఇక నాలుగవది అరుదుదనము. దీనిని గూర్చి వర్తకులు తఱుచుగా చెప్పునట్టి కథ యొకటి కలదు, అది నిజమే. 1831లో స్కాట్లండు పడమటి దీవియగు లూయిసులో 12వ శతాబ్దపు పావులు దొరకినవి. వాల్రసు అను సముద్రజంతువు దంతముతో వానిలో నధికభాగము చెక్కిరి. మొత్తము 93 వస్తువులలో 82 బ్రిటిషు మ్యూజియమునందును, 11 ఎడింబరోలోని మ్యూజియమునందును చేరినవి. ఆ పావులలో కొన్ని మాత్రము కనబడకుండెను. 1964లో ఎడింబరోలోని యొక పాతవస్తువుల వర్తకుడు 5 పౌనులకు ఒక చిన్న బొమ్మను కొనెను. అది యేమో యాయన యెఱుగడు, ఇంటిలో నుంచుకొనెను. తరువాత అది లూయిసు పావులలో తప్పిపోయిన భటుడని నిపుణులు నిర్ణయించిరి. 2019లో అది వేలమున 7,35,000 పౌనులకు పోయినది. పాచికలలోను ఇట్టిదే కలదు: ఇరువది ముఖములుగల రోమనుల నాటి గాజుపాచిక యొకటి 2003లో వేలమున 17,925 డాలర్లకు అమ్ముడుపోయినది.

ఈ కథలు విని, నేడు కొన్న వస్తువు రేపు నిధియగునని తలచుట పొరపాటు. లూయిసు భటునకు ఆ వెల తెచ్చినది యెనిమిది వందల యేండ్ల కాలము. తక్కినవి పోగా మిగిలినది గనుక అది అరుదైనది. నేడు వర్తకుడు ఒక సంఖ్య వేసి, ఇంతకు మించి చేయమని పత్రము వ్రాసియిచ్చు వస్తువునకు ఆ గుణము లేదు. దానిని కొన్న ప్రతివాడును పెట్టె విప్పక భద్రపఱచును. అందఱును భద్రపఱచిన వస్తువు అరుదెట్లగును? పైగా అమ్మబోయిన దినమున కొనువాడు కావలెను. వేలమువారి రుసుము పోవలెను. కావున లాభమును తలచి ఆటవస్తువులను కొనుట మేలని నేను చెప్పజాలను.

పాచికల విషయమున రెండు మాటలు చెప్పెదను. 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను కథాక్రీడ వెలువడిన తరువాత నాలుగు, ఎనిమిది, పండ్రెండు, ఇరువది ముఖముల పాచికలకు గిరాకి హెచ్చినది. రత్నశిలతో చేసిన పాచిక చూచుటకు సొగసైనదే గాని రాతిబల్లమీద పడినచో అంచు విఱుగును. లోహపు పాచిక విఱుగదు గాని కఱ్ఱబల్లకు సొట్టలు చేయును. అప్పుడు మెత్తని తట్ట కావలసివచ్చును. ఇట్లు ఒక కొనుగోలు వేఱొక కొనుగోలును పిలుచును. పాచికకు నిజముగా కావలసిన గుణము పక్షపాతము లేకుండుట. జూదశాలలవారు తమ పాచికలకు రత్నములు కోరరు. లోపము కనబడునట్లు పారదర్శకమైన పదార్థముతో చేయించి, చుక్కలకు తొలిచిన గుంటలను అదే సాంద్రతగల రంగుతో నింపింతురు. ధనము పోవుచోట వారు చూచుకొనునది నిక్కచ్చియైన కొలతను మాత్రమే.

చివరకు గృహస్థునకు ఉపకరించు లెక్క యొకటి. వేయి రూపాయల పావులతో వారమునకు అయిదాటల చొప్పున పదియేండ్లు ఆడితిరనుకొందము. అవి 2,600 ఆటలు. ఆటకు నలుబది పైసలైనను పడలేదు. నలుబదివేల పావులను అద్దాల బీరువాలో నుంచి, ఏటికి రెండు మారులు తీసి ఆడితిరేని పదియేండ్లకు 20 ఆటలు. ఆటకు రెండువేల రూపాయలు. అట్టి బీరువాలను నేను కొన్ని యిండ్లలో చూచితిని. పిల్లలు వాని యెదుట చేతులు కట్టుకొని నిలుచుందురు. ముట్టుకొన్నచో పెద్దలు కసరుదురు. ఆ యింట పావులు భద్రముగానే యున్నవి గాని చదరంగము మాత్రము లేదు.

కాబట్టి నా సలహా యిది. ఆట నేర్చుకొనువారు కొలతకు సరిపోవు సాధారణమైన పావులనే కొనవలెను. ఏండ్ల తరబడి ఆడి, చేతికి మంచి పావు స్పర్శ కావలెనని కోరువారు, ఇంటి యక్కఱలు తీరిన పిమ్మట, పనివాని నేర్పునకు తగిన వెలయిచ్చి మంచి కఱ్ఱపావులను కొనవచ్చును. కొన్న తరువాత వానితో ప్రతిదినమును ఆడవలెను, పిల్లలచేతను ఆడింపవలెను. పదార్థము పేరు విని కొనువారు దాని పుట్టుకను విచారింపవలెను. దంతమును, దొంగ రక్తచందనమును ముట్టరాదు. రేపటి లాభము కొఱకు మాత్రము ఆటవస్తువులను కొనవలదు. ఆ ధనము బ్యాంకులోనే యుండుట మేలు.