ప్రీకాస్ట్ ప్లేయరా, సైట్‌లో పోసిన ప్లేయరా?

ఈ వారం ఎపిసోడ్‌లో ఆన్‌లైన్ గేముల గురించి మాట్లాడినం గదా. టైమ్ చాలక ఒక ప్రశ్న మిగిలిపోయింది. "అవతలోడు సొంతంగా తయారుచేసుకున్న ప్లేయర్ ముందట నా ప్లేయర్ ఎందుకు నిలబడడు? నాకు ఆట రాదా?" అని. నేను ఐటీఐ చదివి సైట్ సూపర్‌వైజర్ పని చేస్తున్నోణ్ని. కాబట్టి మన పని భాషలోనే చెప్త.

స్పోర్ట్స్ గేముల్లో ప్లేయర్లు రెండు రకాలు. ఒకటి, కంపెనీ ముందే తయారుచేసి ఇచ్చినోళ్లు. ఫుట్‌బాల్ గేమ్‌లో మెస్సీ, బాస్కెట్‌బాల్ గేమ్‌లో లెబ్రాన్ జేమ్స్ అట్లాంటోళ్లు. ఇది ప్రీకాస్ట్ స్లాబ్ లెక్క, ఫ్యాక్టరీలోనే పోసి పంపిస్తరు. మీ చేతిలో ఉన్నా నా చేతిలో ఉన్నా మెస్సీ స్పీడు అంతే. రెండోది కస్టమ్ ప్లేయర్. ఎత్తు, బరువు, ఏ స్కిల్ ఎంత ఉండాలె, అన్నీ మనమే పెట్టుకుంటం. ఇది సైట్‌లో షట్టరింగ్ కొట్టి పోసే కాంక్రీటు. ఎన్‌బీఏ 2కే గేములో మై ప్లేయర్, ఫిఫా గేముల్లో ప్రో క్లబ్స్ ఈ రకమే.

మొదటి రకాన్ని సమానం చేయడం కొంత సులువు. ఒక ప్లేయర్ మరీ బలంగా ఉంటే కంపెనీ వాని ఒక్కని నంబర్లు తగ్గిస్తది. లేకుంటే ఇద్దరూ ఒకే టీము తీసుకుంటే లెక్క సరిపోయింది.

కస్టమ్‌తో కథ వేరే. లక్షల మంది కూర్చుని ఎక్కడ లొసుగు ఉందా అని వెతుకుతరు. ఒకరికి దొరికితే చాలు, యూట్యూబ్‌లో వీడియో వస్తది, ఇగ అందరూ అదే ప్లేయర్‌ని తయారుచేస్తరు. లొసుగు ఎట్లుంటదో 2022లో వచ్చిన ఫిఫా 23 చూస్తే తెలుస్తది. అందులో పరుగును మూడు రకాలు చేసిన్రు. 'లెంగ్తీ' అనే రకం మెల్లగా మొదలై, పోను పోను స్పీడు అందుకుంటది. పొడుగ్గా, గట్టిగా ఉన్న ప్లేయర్లు వేగంగా కూడా ఉరికేసరికి అందరూ వాళ్ల వెంటే పడిన్రు. తర్వాత అప్‌డేట్లలో కంపెనీ దాన్ని సవరించింది. ఏదీ పోగొట్టుకోకుండా రెండు లాభాలు దొరికితే బ్యాలెన్స్ పోయినట్టే.

అందుకే మంచి గేమ్ కాంక్రీటు మిక్స్ లెక్క నడుస్తది. ఎం20కి సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3. నీళ్లు ఎక్కువ పోస్తే పోయడం సులువైతది గానీ బలం తగ్గుతది. ఎన్‌బీఏ 2కేలో కూడా అంతే. ఏడడుగుల ప్లేయర్‌ని చేస్తే రీబౌండ్, బ్లాక్ బాగుంటయి. కానీ స్పీడు, బాల్ హ్యాండ్లింగ్ ఒక హద్దు దాటవు. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలె. ముఖం, జుట్టు, టాటూ ఎట్ల మార్చుకున్నా బలం మాత్రం మారొద్దు. ఇంకో పద్ధతి, కస్టమ్ ప్లేయర్లకు వేరే మోడ్ పెట్టి వాళ్లను వాళ్లతోనే ఆడించడం.

ఇగ మనకు తగిలే అసలు సంగతి. 2కేలో కొత్త ప్లేయర్ రేటింగు 60 దగ్గర్లో మొదలైతది. పైకి తేవాలంటే వీసీ అనే పాయింట్లు కావాలె. అవి మ్యాచ్‌లు ఆడి సంపాదించొచ్చు, పైసలు పెట్టి కొనొచ్చు. అంటే మిక్స్ సరిగ్గానే ఉన్నా, ఒకనికి సిమెంటు బస్తాలు ముందే దిగినయి, ఇంకొకనికి రోజుకు ఒక్క తట్ట. పది గంటల డ్యూటీ చేసి, బస్సులో క్యాంపుకొచ్చి, వండుకుని తిన్నంక మనకు ఒక మ్యాచ్ దొరికితే ఎక్కువ. రోజంతా ఆడేటోడు, కార్డు గీకేటోడు ముందుంటరు. మీరు ఓడిపోతే చేతకాక కాదు, నంబర్లు తక్కువుండి కూడా కావొచ్చు.

మా క్యాంపులో ఒక తమ్ముడు వేరే గేములో ఇట్లనే ఇంటికి పంపే పైసల్లోంచి రెండు నెలలు పాయింట్లు కొన్నడు. రేటింగు పెరిగింది. ఏడాది తిరిగేసరికి కొత్త వెర్షన్ వచ్చింది, పాత ప్లేయర్ అందులోకి రాలేదు. మళ్లీ పునాది నుంచే.

కాబట్టి కార్డు తీసే ముందు మూడు సంగతులు చూడండి. పాయింట్లు బలం పెంచుతయా, బట్టలు మాత్రమే మారుస్తయా? వచ్చే ఏడాది ఈ ప్లేయర్ ఉంటడా? రెడీమేడ్ టీములతో ఆడే మోడ్ ఉందా? ఉంటే ముందు అందులో ఆడండి. అక్కడ గెలుపోటములు మీ చేతి మీదనే ఉంటయి, జీతం మీద కాదు.

మా క్యాంపు టోర్నీకి రూల్ ఒక్కటే: ఇద్దరికీ ఒకటే టీము. మీ రూముల్లో రూల్ ఏందో వాయిస్ మెసేజ్ పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తం.