గిట్టుబాటు ధర అడిగిన రైతు నాయకుడు కూలి పెంచమంటే ఏమన్నాడు?

రైతుబిడ్డ గద్దెనెక్కితే పల్లె కష్టాలన్నీ తీరిపోతాయని ఎన్నికలొచ్చినప్పుడల్లా వింటూనే ఉంటాం. ఏ రైతు? ఎవరి కష్టాలు? అని మేము కూలీల సమావేశాల్లో అడుగుతుంటాం. ఆ ప్రశ్నకు అమెరికా చరిత్రలో ఒక పాఠం ఉంది. అది లియోనిడాస్ పోల్క్ అనే రైతు జీవితం.

పొలం నుంచి శాసనసభకు

పోల్క్ 1837లో నార్త్ కరోలినా రాష్ట్రం యాన్సన్ జిల్లాలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. వారసత్వంగా భూమి వచ్చింది, భూమితోపాటు నల్లజాతి బానిసలూ వచ్చారు. ఈ సంగతి మరచిపోకూడదు. 1860లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో, అంటే బానిస యజమానుల పక్షాన, పనిచేశాడు.

1865లో యుద్ధం ముగిసింది. బానిసత్వం పోయింది గాని భూములు చేతులు మారలేదు. నల్లవాళ్లు, వాళ్లతోపాటు పేద తెల్లవాళ్లు పాలుకు సాగుచేసుకోవలసి వచ్చింది. విత్తనం మొదలు తినే మొక్కజొన్న పిండిదాకా షావుకారే అరువిచ్చేవాడు. ఇంకా మొలకెత్తని పంటను ముందే రాయించుకునేవాడు. రొక్కానికి ఒక ధర, అరువుకు ఇంకో ధర. పత్తి తూకమయ్యాక పద్దు చూస్తే మళ్లీ రైతే బాకీ!

పోల్క్ ఈ బాధను గుర్తించాడు. 1877లో రాష్ట్రానికి మొట్టమొదటి వ్యవసాయ కమిషనర్ అయ్యాడు. ఎరువుల్లో మోసాలను అరికట్టడం ఆ శాఖ పనుల్లో ఒకటి. 1886లో 'ప్రోగ్రెసివ్ ఫార్మర్' పత్రిక పెట్టాడు. రైతుబిడ్డలకు వ్యవసాయ కళాశాల కావాలని ఊరూరా చెప్పాడు. 1887లో దానికి చట్టం వచ్చింది. 1889లో దక్షిణాదిలో బలంగా ఉన్న రైతు సంఘం ఫార్మర్స్ అలయన్స్‌కు జాతీయ అధ్యక్షుడయ్యాడు. ప్రభుత్వమే గిడ్డంగులు కట్టాలి, నిలవచేసిన పంట విలువలో 80 శాతందాకా తక్కువ వడ్డీకి అప్పివ్వాలి అన్నది ఆ సంఘం కోర్కె. న్యాయమైన కోర్కే.

కూలి అడిగిన నాడు

కాని ఆ అలయన్స్‌లో నల్లవాళ్లకు సభ్యత్వం లేదు. వాళ్లకు 1886లో టెక్సాస్‌లో వేరే అలయన్స్ ఏర్పడింది. 1891లో పత్తి ధర పడిపోయింది. పత్తి తీతకు 100 పౌన్లకు, అంటే సుమారు 45 కిలోలకు, అర డాలరు కూలి. దాన్ని ఒక డాలరు చేయాలని నల్లవారి అలయన్స్ నాయకత్వం సెప్టెంబరులో సమ్మెకు పిలుపునిచ్చింది.

రైతు నాయకుడు పోల్క్ ఏం చేశాడు? అర డాలరుకు మించి ఇవ్వడంకన్నా పత్తిని చేలోనే వదిలేయడం మేలని ఆయన పత్రిక రైతులకు సలహా చెప్పింది.

చాలా చోట్ల సమ్మె మొదలే కాలేదు. ఆర్కాన్సా రాష్ట్రం లీ జిల్లాలో మాత్రం బెన్ ప్యాటర్సన్ అనే నల్లజాతి యువకుడి వెంట కూలీలు కదిలారు. ఘర్షణల్లో ఒక తోట మేనేజరు చనిపోయాడు. షెరీఫ్ దండు కూలీలను వెంటాడింది. పట్టుబడిన వారిని ముసుగులు వేసుకున్న మూక లాక్కుపోయి ఉరితీసింది. ప్యాటర్సన్‌తో సహా సుమారు 15 మంది బలయ్యారు.

మరుసటి ఏడు కొత్తగా పుట్టిన పీపుల్స్ పార్టీ తరఫున పోల్క్ అధ్యక్ష పదవికి పోటీచేస్తాడని అంతా అనుకుంటుండగా, 1892 జూన్‌లో ఆయన చనిపోయాడు. ఆయన బదులు నిలబడ్డ వీవర్‌కు 10 లక్షలకు పైగా ఓట్లొచ్చాయి గాని గెలుపు రాలేదు.

మనం నేర్చుకోవలసింది

పోల్క్‌ను మోసగాడనడానికి లేదు. షావుకారు పద్దులోని అన్యాయం ఆయనకు స్పష్టంగా కనిపించింది. పత్తి తీసే చేతికి దక్కే అర డాలరులోని అన్యాయం కనిపించలేదు. ధర పడిపోయిన నష్టాన్ని వ్యాపారి మీదికి నెట్టలేక, కూలీ మీదికి నెట్టాలని చూశారు. బక్క రైతును పిండిందీ, కూలీని పిండిందీ ఒకే వ్యాపారమని చెప్పవలసిన నాయకుడే ఆ మాట చెప్పలేదు.

కాబట్టి నాయకుడు పొలం నుంచి వచ్చాడా అని అడిగితే చాలదు. కూలి రేటు అడిగిన నాడు ఎటు నిలబడ్డాడో కూడా అడగాలి.