వెనుకముందుల కూడిక

ఆడుపిల్లకు చాకలిపద్దు వ్రాయునంత లెక్క వచ్చిన చాలునని పలుకువారు నేటికిని కలరు. పద్దునకు బనికిరాకున్నను బుద్ధికి పదునుపెట్టు లెక్క యొకదానిని సోదరీమణులకు విన్నవింతుము.

"వికటకవి" యను మాట యెటునుండి చదివినను ఒక్కటియే. అంకెలలోను ఇట్టి యందము కలదు. 9వ శతాబ్దమున రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని కాలమువాడైన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున 12345654321 వంటి సంఖ్యలను జూపి, అట్టివానిని కంఠహారములతో బోల్చెను. ఆ గ్రంథమును మనకు తెలుగు చేసినవాడు పావులూరి మల్లన.

ఇట్టి హారమును పలకమీదనే కూర్పవచ్చును. ఒక సంఖ్యను వ్రాసి, దానినే త్రిప్పి క్రింద వ్రాసి, రెంటిని గూడవలెను. హారము రానిచో, వచ్చిన మొత్తమును మరల త్రిప్పి కూడవలెను.

జాబులపై వ్రాయు పిన్‌కోడులనే చూతము. ఏలూరు 534001, త్రిప్పగా 100435, మొత్తము 634436. తాడేపల్లిగూడెము 534101, త్రిప్పి కూడగా 635536. రెంటికిని ఒక్క కూడికతోనే హారము వచ్చినది. మా పెంటపాటి 534166 మాత్రము నాలుగు కూడికలు గోరినది: 1195601, 2261512, 4413134, పిదప 8726278.

ఈ భేదమేల? మొదటి యంకెకు చివరిది, రెండవదానికి చివరినుండి రెండవది జతయగును. ప్రతి జతయు రెండుచోట్ల నొకే మొత్తము నిచ్చును. ఏ జతయు తొమ్మిదిని మించనిచో హారము తప్పక వచ్చును. మించినచో ఒకటి యెడమప్రక్క స్థానమునకు బోయి తఱచు పొందికను చెఱచును. పెంటపాటి సంఖ్యలో 5, 6 కలిసి పదునొకండగుటయే చిక్కు. అయినను 4413134 నొద్ద ఏ జతయు తొమ్మిదిని దాటదు. కనుక చిక్కు వీడినది.

89 అను చిన్నసంఖ్య 24 కూడికలు చేయించి 8813200023188 నొద్ద హారమగును. ఇక 196 సంగతి వింత. 887, 1675, 7436, 13783 అనుచు సాగుచునే యుండును. జాన్ వాకర్ అను నాతడు 1987లో దీనిని కంప్యూటరున కప్పగించి, 1990 నాటికి పదిలక్షల యంకెల సంఖ్యను జేరెను. 2015 నాటికి ఇతరులు నూఱుకోట్ల యంకెలవఱకు బోయిరి. హారము రాలేదు, ఎన్నటికిని రాదని నిరూపించినవారును లేరు. ఎంతదూరము వెదకినను దొరకకుండుట వేఱు, లేదని తేలుట వేఱు గదా!

పలక పట్టిన బాలిక కూడికతో బయలుదేఱి, కారణమును తానే కనిపెట్టి, గణితపండితులు నిలిచిపోయిన చోటికి అఱగంటలో రాగలదు. "లెక్కలు నీకేల" యని యామెను ముందే యాపుట న్యాయమా? మీ యింటి బాలికకు నేడు 87 నిచ్చి చూడుడు. నాలుగు కూడికలలో ఏ హారము వచ్చునో ఆమెయే మీకు జెప్పును.