చిగుళ్ళ నుంచి రక్తం: నొప్పి లేదని వదిలేయకండి

పొద్దున డ్యూటీ బస్సు వచ్చేలోపు హడావుడిగా పళ్ళు తోముకుని ఉమ్మితే వాష్‌బేసిన్‌లో ఎర్రగా కనిపించిందా? "వేడి చేసింది, రెండ్రోజులు మజ్జిగ తాగితే పోతుంది" అనుకున్నారా? క్యాంపుల్లో ఎవరిని అడిగినా ఇదే మాట. అది వేడి కాదు. చిగుళ్ళ జబ్బు మొదలైందని మీ నోరు మీకు చెప్పే మొదటి కబురు.

నేను డాక్టర్ని కాను. బీకాం చదివి, లెక్కలు రాసుకుని బతికేవాణ్ణి. సెలవు రోజుల్లో మనవాళ్ళకు ఇన్సూరెన్స్ ఫారాలు నింపడం, ఆస్పత్రికి తోడు వెళ్ళి మాట సాయం చెయ్యడం నా పని. ఆ తిరుగుడులో పంటి డాక్టర్ల దగ్గర ఎక్కువగా విన్నమాట ఒకటే: "ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చారు?" వచ్చినవాళ్ళ జవాబూ ఒకటే: "నొప్పి లేదు సార్, అందుకే రాలేదు."

అసలు చిక్కంతా అక్కడే ఉంది. పిప్పి పన్ను సలుపుతుంది, నిద్ర పోనివ్వదు. చిగుళ్ళ జబ్బు అలా కాదు, చాలాకాలం నొప్పే ఉండదు. మనం తిన్నదాంట్లోంచి, నోట్లో ఉండే సూక్ష్మజీవుల్లోంచి పళ్ళ మీద మెత్తటి పాచి రోజూ పేరుకుంటుంది. తోమితే పోతుంది. తోమకుండా వదిలేస్తే కొద్ది రోజుల్లో గట్టిపడి గార అవుతుంది. గారని బ్రష్ కదిలించలేదు, డాక్టరు గీకి తీయాల్సిందే. ఆ గార అంచున చిగురు ఎర్రగా వాచి, ముట్టుకుంటే రక్తం కారుతుంది. ఈ దశలో జాగ్రత్త పడితే చిగురు మళ్ళీ మామూలుగా అయిపోతుంది. వదిలేస్తే వాపు లోపలికి దిగి, పంటిని పట్టుకున్న ఎముకను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కరిగిన ఎముక తనంతట తాను తిరిగి రాదు. చిగురు జారుతుంది, పళ్ళ మధ్య సందులు వస్తాయి, నోరు వాసన వేస్తుంది, చివరికి ఒక్క పిప్పి కూడా లేని మంచి పన్ను ఊగి ఊడిపోతుంది. ఇలా ముదిరిన చిగుళ్ళ జబ్బు ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పింది.

ఇప్పుడు దీన్ని మన పరిస్థితికి పెట్టి చూడండి. జబ్బేమో నొప్పి లేకుండా ముదురుతుంది. మన సెలవు, మన ఫోర్‌మన్, మన ఇన్సూరెన్స్ మాత్రం నొప్పిని తప్ప దేన్నీ లెక్కలోకి తీసుకోవు. దుబాయ్‌లో 2013 నాటి 11వ నంబరు చట్టం ప్రకారం ఆరోగ్య బీమా తీయాల్సింది కంపెనీయే, ఆ ఖర్చు మీ జీతంలోంచి కోయకూడదు. అంతవరకూ బాగుంది. కానీ నెలకు 4,000 దిర్హాముల లోపు జీతం ఉన్నవాళ్ళకు సాధారణంగా తీసే ప్రాథమిక పాలసీలో పళ్ళు, చిగుళ్ళ వైద్యం ఉండదు, అత్యవసరమైతే తప్ప. అంటే చిగురు ఎర్రబడినప్పుడు తక్కువలో పోయే గార శుభ్రం ఖర్చు మీదే. దవడ వాచి మింగలేని స్థితి వస్తే అప్పుడు కార్డు పనిచేస్తుంది. లెక్కలవాణ్ణి కాబట్టి అంటున్నాను, ఇంత తలకిందులు లెక్క నేనెక్కడా చూడలేదు.

సౌదీలో కొంత మెరుగు. ప్రైవేటు కంపెనీల కార్మికుల బీమాలో పళ్ళకు ఏడాదికి ఒక పరిమితి వరకు కవరేజీ ఉంటుంది, శుభ్రం చేయించుకోవడం కూడా అందులోకి వస్తుంది. ఇఖామా జేబులో పెట్టుకుని ఏళ్ళ తరబడి తిరుగుతూ ఇది ఒక్కసారి కూడా వాడని అన్నలు ఎందరో. పాలసీ ఏడాది దాటితే ఆ పరిమితి మురిగిపోతుంది, వచ్చే ఏడాదికి కలవదు. కాబట్టి మీ హెచ్‌ఆర్‌ని గానీ, క్యాంపు బాస్‌ని గానీ ఈ వారంలోనే అడగండి: "నా పాలసీలో డెంటల్ ఉందా? ఉంటే ఎంతవరకు? ఏ క్లినిక్‌కి వెళ్ళాలి?" జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట తర్వాత పనికిరాదు.

కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళ సంగతి వేరు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామా వీసా మీద వచ్చినవాళ్ళు బయటికి ఒంటరిగా వెళ్ళలేరు, పన్ను నొప్పి అంటే మామా ఒక పానడాల్ చేతిలో పెట్టి పని చెప్తుంది. 2015 నాటి 68వ నంబరు ఇంటిపనివారి చట్టం ప్రకారం తిండి, బట్ట, బసతో పాటు వైద్యం కూడా యజమాని ఇవ్వాల్సిందే. వారానికి ఒకరోజు సెలవు కూడా హక్కే. "హక్కు" అని గొంతెత్తితే ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే ముందు చేయాల్సింది చిన్న పని చెప్తాను. ఏ తేదీన అడిగారు, వాళ్ళేమన్నారు, ఏ మాత్ర ఇచ్చారు అన్నది ఫోన్‌లో రాసుకోండి. వాపు ఉంటే ఫోటో తీసి ఇంటికి పంపండి. రేపు ఎంబసీ దాకా వెళ్ళాల్సి వస్తే ఆ తేదీలే మీ తరఫున మాట్లాడతాయి.

మనలో ఒక్కొక్కళ్ళకు ఒక్కో బెడద. సిగరెట్, బీడీ తాగే అన్నలు "నాకు రక్తం రాదు, నా చిగుళ్ళు గట్టివి" అంటారు. పొగాకు చిగుళ్ళలో రక్తనాళాలను కుంచింపజేస్తుంది కాబట్టి రక్తం కనబడదు. లోపల ఎముక మాత్రం మామూలువాళ్ళ కంటే వేగంగా పోతుంది. అంటే పొగతాగేవాళ్ళకు ఆ మొదటి కబురు కూడా అందదు. ట్యాక్సీ, ట్రయిలర్ డ్రైవర్లలో చాలామందికి నిద్ర ఆపుకోవడానికి గుట్కా, ఖైనీ, జర్దా. ఇక్కడ అమ్మడం నేరమైనా దొంగచాటుగా దొరుకుతూనే ఉంది. పెదవి లోపల పెట్టుకునే చోట చిగురు జారుతుంది, తెల్ల మచ్చలు వస్తాయి. వక్క వల్ల బుగ్గ లోపలి చర్మం బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. మీ మూడు వేళ్ళు ఒకదాని పక్కన ఒకటి పెట్టి నిలువుగా నోట్లో పట్టించి చూడండి. పట్టకపోతే వెంటనే డాక్టరుకి చూపించండి. అది క్యాన్సర్‌కి దారితీయగల జబ్బు.

శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి వచ్చినవాళ్ళకు ఒక మాట. ఊళ్ళో మీ అమ్మలు, అత్తలు అడ్డపొగ, అంటే నిప్పు నోటి లోపల పెట్టుకుని చుట్ట తాగుతుంటే అంగుడు మీద మచ్చలు, పుండ్లు ఉన్నాయేమో చూపించమని ఫోన్‌లో చెప్పండి. నల్గొండ తమ్ముళ్ళకు ఇంకోటి. మీ పళ్ళ మీది గోధుమరంగు మరకలు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల చిన్నప్పుడే పంటిలో పడినవి. అది గార కాదు, మురికి కాదు. సిగ్గుపడి ఉప్పు, బొగ్గు, ఇటుక పొడి పెట్టి రుద్దితే మరక పోదు, పన్ను అరుగుతుంది.

షుగర్ ఉన్నవాళ్ళ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. నలభై దాటిన మనవాళ్ళలో ఇది ఎక్కువ, పైగా మెస్సు అన్నం, చక్కెర పోసిన చాయ్, ఎండలో ఎనర్జీ డ్రింకులు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. చిగుళ్ళలో చీము ఉంటే షుగరూ అదుపులోకి రాదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. మందులు సరిగ్గా వేసుకుంటున్నా మూడు నెలల షుగర్ పరీక్ష దిగిరావట్లేదంటే చిగుళ్ళు ఎలా ఉన్నాయో ఒకసారి చూపించండి. చిగుళ్ళ వైద్యం తర్వాత షుగర్ కొంత తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఈ ముక్క మీ షుగర్ డాక్టరు కూడా అడగకపోవచ్చు.

ఇక భయాలు. "గార తీయిస్తే పళ్ళు వదులవుతాయి" అని ప్రతి గదిలో ఒకరుంటారు. నిజమేంటంటే, వదులైన పళ్ళ మధ్య గార సిమెంటులా నిండి ఉంటుంది. తీశాక ఆ సందు బయటపడుతుంది, కొద్దిరోజులు చల్లనీళ్ళు జివ్వుమంటాయి. వదులు చేసింది జబ్బే, డాక్టరు కాదు. "పైపన్ను తీయిస్తే కంటిచూపు పోతుంది" అనేది కూడా ఇంతే, ఆ రెంటికీ సంబంధం లేదు.

తోముకోవడం గురించి ఎక్కువ చెప్పను. మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు, చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు రెండు నిమిషాలు. రోజుకు రెండుసార్లు, ఒక్కసారే వీలైతే రాత్రి. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి పడుకునేవాడికి ఈ మాట చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం. అందుకే బ్రష్‌ని బాత్రూంలో కాకుండా మంచం పక్క మేకుకు తగిలించుకున్న ఒక సిరిసిల్ల తమ్ముడి ఉపాయం నాకు నచ్చింది. మీ బ్రష్ ఇంకొకరికి ఇవ్వకండి. రక్తం తగిలే వస్తువు అది. సైట్‌లో నీళ్ళు దొరక్కపోతే ఇక్కడి మిస్వాక్ పుల్ల మన వేపపుల్లలాంటిదే. కొస నమిలి కుంచెలా చేసుకుని చిగురు వైపు నుంచి పన్ను కొస వైపుకి రుద్దండి, వాడిన కొస రోజూ కోసేయండి. రక్తం వస్తోందని తోమడం మానేస్తే పాచి ఇంకా పెరుగుతుంది. సరిగ్గా తోమితే ఒకటి రెండు వారాల్లో రక్తం ఆగాలి. ఆగకపోతే గార ఉన్నట్టే, క్లినిక్‌కి వెళ్ళాల్సిందే.

ఊరి నుంచి తెప్పించుకునే మాత్రల విషయంలో గట్టిగా చెప్తున్నాను. పంటినొప్పికని ట్రమడాల్, కోడీన్ కలిసిన మాత్రలు బ్యాగులో పెట్టుకుని వస్తే ఎయిర్‌పోర్టులోనే కేసు అవుతుంది. అవి ఇక్కడ నియంత్రిత మందులు. సాటివాడు అడిగాడని పార్సెల్ మోసినా మీ మీదికే వస్తుంది. రూమ్మేట్ దగ్గర మిగిలిన యాంటీబయాటిక్ రెండు మాత్రలు వేసుకుంటే వాపు దిగినట్టు అనిపిస్తుంది గానీ చీము లోపలే ఉంటుంది. వాపు మెడలోకి దిగినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా తెల్లారేదాకా ఆగకండి. అది ప్రాణాపాయం. యూఏఈలో 998, సౌదీలో 997, కువైట్‌లో 112కి ఫోన్ చేయండి. ప్రాథమిక పాలసీ కార్డు పనికొచ్చేది కూడా ఇక్కడే, కౌంటర్లో "డెంటల్ కవర్ లేదు" అంటే "ఇది ఎమర్జెన్సీ" అని చెప్పి డాక్టరు చేత అదే రాయించండి.

పన్ను తీయించుకున్న రోజు జీతం కోశారని తరచూ వింటుంటాం. యూఏఈలో 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం కింద ప్రొబేషన్ పూర్తయినవాళ్ళకు ఏడాదికి 90 రోజుల దాకా అనారోగ్య సెలవు ఉంది: మొదటి 15 పూర్తి జీతంతో, తర్వాతి 30 సగం జీతంతో, మిగతా 45 జీతం లేకుండా. మూడు పనిదినాల లోపు కంపెనీకి తెలియజేసి మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వాలి. క్లినిక్ నుంచి బయటికి వచ్చేముందే ఆ కాగితం అడిగి తీసుకోండి. సైట్‌లో పడి పళ్ళు విరిగితే అది పనిలో జరిగిన గాయం, వైద్యం ఖర్చు యజమానిదే. జీతం కోస్తే మానవ వనరుల మంత్రిత్వ శాఖ 80084కి గానీ, భారత కాన్సులేట్ సహాయ కేంద్రం 800 46342కి గానీ ఫోన్ చేయొచ్చు.

ఊరికి సెలవు మీద వెళ్తున్నారా? మనవాళ్ళు పెళ్ళిళ్ళు, భూమి పనులు అన్నీ అయ్యాక ఫ్లైటుకు రెండ్రోజుల ముందు పంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తుతారు. చిగుళ్ళ వైద్యానికి చాలాసార్లు రెండు మూడు విడతలు పడుతుంది, అందుకే మొదటివారంలోనే వెళ్ళండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. బయట క్లినిక్కులతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, వరసలో కూర్చునే ఓపిక ఉండాలి.

ఇక్కడే చూపించుకునేవాళ్ళు డాక్టరుతో "పన్ను నొప్పి" అని మాత్రమే చెప్తే ఆ ఒక్క పన్నే చూసి పంపేస్తారు. హిందీ వచ్చినవాళ్ళు "మసూడోంసే ఖూన్ ఆతా హై, సబ్ దాంత్ దేఖియే" అనండి. లేకపోతే "గమ్స్ బ్లీడింగ్" అన్నా చాలు. షుగర్, బీపీ ఉంటే, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే కుర్చీ ఎక్కేముందే చెప్పండి, మందుల చీటీ వెంట తీసుకెళ్ళండి. శుభ్రం చేయడానికి ఎంత, ఎక్స్‌రేకి ఎంత, ఎన్నిసార్లు రావాలి అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి.