తుపాకి ఆటలలో దొంగలెక్కలు

మన పల్లెలలో సాయంకాలమున రచ్చబండమీద కుఱ్ఱవాండ్రు సెల్‌ఫోనులను అడ్డముగా పట్టుకొని, తెరపై బొటనవ్రేళ్లు ఆడించుచు, కేకలు వేయుట మీరు చూచియే యుందురు. అది ఒంటరిగా ఆడెడి ఆట కాదు. ఎదుట తుపాకి పట్టిన బొమ్మను నడుపువాడు నెల్లూరిలో నుండవచ్చును, నేపాళమున నుండవచ్చును. ఓడినవాడు తఱచుగా "వాడు హ్యాక్ వేశాడు" అని అఱచును. ఓడినవాడు సాకు చెప్పుట లోకసహజమే. కాని ఒక్కొక్కప్పుడు ఆ మాట నిజము. ఆ హ్యాకనగా నేమో, ఆట నడుపు సంస్థలవారు దాని నేల అడ్డలేకున్నారో నేడు మీకు విన్నవింపదలచితిని.

కంప్యూటరు గాని సెల్‌ఫోను గాని పని చేయుచున్నంత సేపును తనకు కావలసిన సంఖ్యలను మెమరీ యను భాగమున నుంచుకొనును. పెద్ద తపాలా కచ్చేరిలో గోడ పొడుగున నుండు చిన్న అరలను తలచుకొనుడు. ప్రతి అరకును ఒక అంకె యుండును. మెమరీయు నట్టిదే, కాని 4 జీబీల మెమరీలో అట్టి అరలు 400 కోట్లకు పైబడి యుండును. ఆటలోని బొమ్మకు ప్రాణబలము 100 అయినచో, ఆ 100 ఈ అరలలో ఎక్కడనో వ్రాయబడి యుండును. చేతిలో 30 తూటాలున్నచో, ఆ 30 మఱియొక చోట నుండును.

ఇన్ని కోట్లలో ఆ యర నెట్లు పట్టుకొందురని మీకు సందేహము కలుగవచ్చును. ఉపాయము మిక్కిలి సులభము. మొదట 100 అను సంఖ్య యున్న అరలనెల్ల వెదకు మని ఒక సాధనమున కాజ్ఞాపింతురు. వేలకొలది దొరకును. పిమ్మట ఆటలో కావలెనని ఒక దెబ్బ తిందురు. బలము 83కు దిగును. ఆ వేల అరలలో ఇప్పుడు 83 చూపుచున్నవి యెవ్వి యని మరల వెదకుదురు. కొన్నియే మిగులును. మఱి రెండు దెబ్బలు తినునప్పటికి ఒకటి రెండు మాత్రమే నిలుచును. అంతట ఆ యరలో 100 అని వ్రాసి, ఎన్నిమాఱులు తగ్గినను మరల 100 వ్రాయుచుండు మని చెప్పుదురు. ఇట్టి సాధనములలో చీట్ ఇంజిన్ అనునది ప్రసిద్ధము; వెల లేకయే దొరకును. ఒంటరిగా ఆడుకొను ఆటలో దీనిని వాడినచో ఎవ్వరికిని నష్టము లేదు. తన పేకలు తానే పఱచుకొన్నట్లు. పదిమంది కూడి ఆడు చోటనే అన్యాయము పుట్టును.

అసలు ప్రశ్న యేమన, లెక్క ఎవరి పుస్తకమున నున్నది? కరణము లున్న కాలమున రైతు తన యింటి కాగితముపై "బాకీ లేదు" అని వ్రాసికొన్నంత మాత్రమున శిస్తు తీరెడిది కాదు. కరణముగారి దస్త్రమున నున్నదే లెక్క. ఆటలలో ఆ దస్త్రమువంటిది సంస్థవారి సర్వరు. ప్రాణబలము సర్వరులోనే యున్నచో, ఆటగాడు తన ఫోనులో 100 అని దిద్దుకొన్నను ఫలము లేదు. తెరమీద 100 వెలుగుచుండగనే అతని బొమ్మ చచ్చి పడును. అట్లు గాక, రైతు చెప్పిన లెక్కనే కరణము దస్త్రమున కెక్కించుకొన్నట్లు ఆటగాని యంత్రము చెప్పినదానినే సర్వరు నమ్మినచో, ఆ ఆటకు తలుపే లేదన్నమాట.

ఇట్లేల నమ్ముదురు? దూరము వలన. హైదరాబాదునుండి సింగపూరునకు సుమారు 3,300 కిలోమీటర్లు. గాజుతీగలలో వెలుగు సెకనునకు 2 లక్షల కిలోమీటర్లు పోవును. పోయి వచ్చుటకే సెకనులో ముప్పదవ వంతు చెల్లును. దారి వంకరలతో ఇంకను హెచ్చును. ప్రతి అడుగునకును సర్వరు ననుమతి యడిగినచో బొమ్మ కుంటి యెద్దువలె నడచును. కావున కొన్ని లెక్కలను ఆటగాని యంత్రమునకే విడుతురు. ఎంత విడువవలె ననుటయే నేర్పు. 2016 మార్చిలో యూబీసాఫ్టు సంస్థవారు వెలువరించిన ది డివిజన్ అను ఆటలో ఆ హద్దు మితిమీఱెను. కొందఱు మెమరీని మార్చి తూటాలు తరుగకుండ కాల్చసాగిరి. సంస్థవారు మొదట 3 దినముల వెలి విధించిరి. అది చాలక, తొలి తప్పునకు 14 దినములు, మలి తప్పునకు శాశ్వతముగ వెలి యని ప్రకటించిరి. పునాదిలోని లోపమును శిక్షలతో పూడ్చజూచుట నాకు వింతగ దోచును.

లెక్కనంతయు సర్వరులో నుంచినను దొంగతన మాగదు. మార్చకుండ చదువుటయు నొక హ్యాకే. గోడ వెనుక దాగిన శత్రు వెక్కడ నున్నాడో ఆటగాని యంత్రమునకు ముందే తెలిసియుండును. లేనిచో అతడు బయటికి వచ్చిన క్షణమున చూపలేదు. ఆ సంఖ్యలను చదివి గోడ లోపలి మనిషిని తెరమీద చూపు హ్యాకులు కలవు. తుపాకి గుఱిని శత్రువు తలపైకి తామే త్రిప్పునవియు కలవు. 2018 అక్టోబరులో షాంఘై నగరమున జరిగిన కౌంటర్ స్ట్రైక్ పందెములో మన దేశపు జట్టులోని ఆటగాడొకడు ఇట్టి గుఱి హ్యాకును వాడుచు ఆట నడుమనే పట్టుబడెను. కార్యాలయములలో ఉత్తరములు వ్రాయు వర్డు అను సాధనముపేరు పెట్టి దాని నతడు దాచెను. జట్టంతయు పందెమునుండి తొలగింపబడినది. అతనికి 5 ఏండ్ల నిషేధము విధించిరి. మిగిలిన నలుగురును అతనితోపాటు జట్టును పోగొట్టుకొనిరి.

ఇట్టి వానిని పట్టుకొనుటకు సంస్థలు ఆటగాని యంత్రములోనే కావలివానిని నిలుపును. వాల్వు సంస్థవారు 2002లో అట్టిదాని నేర్పఱచిరి. తెలిసిన హ్యాకుల ఆనవాళ్లతో పోల్చి చూచుట అట్టి కావలివారి ప్రధానమైన పని. ఆనవాలు కొంచెము మార్చిన క్రొత్త హ్యాకు కొన్నాళ్లు తప్పించుకొని తిరుగును. 2020లో వెలువడిన వ్యాలరెంట్ ఆటకు కావలివాడు కంప్యూటరు మేలుకొన్నప్పుడే మేలుకొని లోలోపలి గదిలో కూర్చుండును. అయినను యజమానియే దొంగ యైన యింట కావలివాడేమి చేయును? ఆ యాటలోనే మఱియొక యుపాయము కలదు. నాకు నచ్చినది అదియే. శత్రువు కంటబడు సమయ మాసన్నమగువఱకును వాని జాడను సర్వరు పంపనే పంపదు. లేనిదానిని చదువుట యెవ్వరి తరము?

ఇక మన యిండ్ల సంగతి. సెల్‌ఫోనులకు హ్యాకు లని, మోడు లని ఊరు పేరు లేని చోటులనుండి కుఱ్ఱవాండ్రు దించుకొనుచుందురు. అందు కొన్నిటిలో ఆట హ్యాకే యుండదు. ఫోనుకు వచ్చు సందేశములను చదువుటకును, తెరను చూచుటకును అనుమతి యడుగును. గెలువవలెనను తొందరలో పిల్లవాడు సరే యని నొక్కును. పెక్కు ఇండ్లలో ఆ ఫోనుకే తండ్రిగారి బ్యాంకు రహస్యసంఖ్యలు వచ్చుచుండును. మీ ఫోను సెట్టింగులలో యాక్సెసిబిలిటీ అను చోట ఎవరెవరికి అనుమతి యున్నదో చూపించుకొనుడు. తెలియని పేరు కనబడినచో, దానిని తీసివేయించి, బ్యాంకు రహస్యసంఖ్యను వేఱొక ఫోనునుండి మార్పించుకొనుడు.